బొగ్గుల ఇస్త్రీ బండికి సౌర విద్యుత్తు: తిరువణ్ణామలై విద్యార్థిని కృషి

వాతావరణ మార్పుల నివారణ అనగానే భారీ సౌర పార్కులు, గాలిమరలు, విద్యుత్ వాహనాలే ప్రధానంగా చర్చకు వస్తాయి. వీధి చివర చెట్టు కింద నిలిచే ఇస్త్రీ బండిని ఆ చర్చలోకి తీసుకువచ్చిన ఘనత తమిళనాడు రాష్ట్రానికి చెందిన విద్యార్థిని కుమారి వినీషా ఉమాశంకర్‌కు దక్కుతుంది. 2021 నవంబరు 2న స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో జరిగిన ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సులో, వివిధ దేశాల అధినేతలు పాల్గొన్న సమావేశంలో ఆమె ప్రసంగించారు. అప్పటికి ఆమె వయస్సు 15 సంవత్సరాలు. ఆమెను ఆ వేదిక వరకు చేర్చినది సౌరశక్తితో పనిచేసే సంచార ఇస్త్రీ బండి నమూనా.

వినీషా స్వస్థలం తిరువణ్ణామలై. తెలుగు ప్రజలు అరుణాచలంగా పిలుచుకునే ఈ క్షేత్రానికి ప్రతి పౌర్ణమికీ గిరి ప్రదక్షిణ నిమిత్తం ఉభయ తెలుగు రాష్ట్రాల నుండి వేలాది భక్తులు తరలివెళుతుంటారు. ఆ పట్టణంలోనే, పన్నెండేళ్ల ప్రాయంలో, ఇస్త్రీ చేసే వ్యక్తి ఒకరు పని ముగిసిన అనంతరం కాలిన బొగ్గులను పారబోయడం ఆమె గమనించారు. అది ఏ ఊరిలోనైనా ప్రతి రోజూ కనిపించే దృశ్యమే. అయితే ఆ బొగ్గు ఎక్కడి నుండి వస్తున్నది, అది కాలినప్పుడు వెలువడే పొగ ఎవరి ఊపిరితిత్తులలోకి చేరుతున్నది, మిగిలిన బూడిద ఎక్కడకు పోతున్నది అనే ప్రశ్నలు ఆమెను ఆలోచింపజేశాయి. బొగ్గు అవసరం లేకుండా అదే పని జరిగే మార్గం కొరకు ఆమె చేసిన అన్వేషణ ఫలితమే సౌర ఇస్త్రీ బండి.

బొగ్గుల ఇస్త్రీ పెట్టె పనిచేసే తీరు తెలిసినదే. ఇత్తడి లేక ఇనుముతో చేసిన, అయిదారు కిలోల బరువుండే పెట్టెలో రగిలించిన బొగ్గులు నింపుతారు. పక్కల నున్న రంధ్రాల గుండా గాలి లోనికి ప్రవేశించి నిప్పును ఆరిపోకుండా ఉంచుతుంది. వేడి తగ్గినపుడు విసనకర్రతో విసరడం, పెట్టెను ముందుకు వెనుకకు ఊపడం, కొత్త బొగ్గులు వేయడం తప్పనిసరి. ఉష్ణాన్ని నియంత్రించే ఏర్పాటు ఏదీ ఈ పెట్టెలో ఉండదు. ఎంత వేడెక్కినదో చేతి అనుభవంతోనే తెలుసుకోవాలి. పట్టుచీర మీద చిన్న నిప్పురవ్వ పడినా నష్టపరిహారం ఆ పేద వృత్తిదారుని నెత్తినే పడుతుంది. తరతరాలుగా ఈ వృత్తిపై ఆధారపడిన రజక కుటుంబాలలో భార్యాభర్తలిరువురూ వంతులవారీగా బండి వద్ద నిలబడటం సర్వసాధారణం. బొగ్గు కాలేటప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌ను, సూక్ష్మ ధూళి కణాలను పెట్టెకు మూరెడు దూరంలో నిలిచి రోజంతా పీల్చవలసిన వారు వీరే.

బొగ్గు లెక్క

ఇస్త్రీ పెట్టెలలో వాడే బొగ్గు గనులలో లభించే బొగ్గు కాదు, కట్టెబొగ్గు. కట్టెలను పేర్చి, మట్టితో కప్పి, గాలి స్వల్పంగా మాత్రమే అందేటట్లు చేసి రోజుల తరబడి కాల్చడం ద్వారా దీనిని తయారు చేస్తారు. సంప్రదాయ బట్టీలలో ఒక కిలో బొగ్గు చేతికి రావాలంటే నాలుగైదు కిలోల కట్టె, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా అవసరమవుతుంది. మిగిలినదంతా పొగగా, ఆవిరిగా, మీథేన్ వంటి వాయువులుగా గాలిలో కలిసిపోతుంది. అనగా బొగ్గు వలన కలిగే కాలుష్యంలో కొంత భాగం ఇస్త్రీ పెట్టెలో నిప్పు రాజుకొనక ముందే, ఎక్కడో ఊరి బయట బట్టీ వద్ద జరిగిపోయి ఉంటుంది.

ఇక్కడ ఒక వివరణ అవసరం. దక్షిణ భారతంలో బట్టీలకు చేరే కట్టెలో అధిక భాగం సర్కారు తుమ్మ. ఇది మన నేలకు సహజమైన వృక్షం కాదు. బయటి నుండి వచ్చి బీడు భూములను, చెరువు గర్భాలను ఆక్రమించిన మొక్క. నరికిన కొద్దీ తిరిగి చిగురిస్తుంది. అందువలన ఇస్త్రీ బొగ్గు కొరకు అడవులన్నీ నరికివేస్తున్నారనడం పూర్తిగా సమంజసం కాదు. బొగ్గు కాల్చడం ద్వారా మెట్ట ప్రాంతాలలో అనేక పేద కుటుంబాలు జీవనోపాధి పొందుతున్న మాట కూడా వాస్తవమే. అయినప్పటికీ బట్టీ పొగ, పెట్టె పొగ మాత్రం ఏ చెట్టు కట్టె అయినా ఒక్కటే.

బ్రిటన్‌లో నెలకొల్పిన ఎర్త్‌షాట్ బహుమతి నిర్వాహకులు పేర్కొన్న అంచనా ప్రకారం భారతదేశంలో సుమారు కోటి ఇస్త్రీ బండ్లున్నాయి. ఒక్కొక్క బండిపై రోజుకు 5 కిలోలకు పైగా బొగ్గు వినియోగమవుతున్నది. వీధి వృత్తులకు సంబంధించిన ఇటువంటి సంఖ్యలను స్థూల అంచనాలుగానే స్వీకరించవలసి ఉంటుంది. వాటిలో సగమే నిజమనుకున్నా రోజుకు 25 వేల టన్నుల బొగ్గు అవుతుంది. ఒక్క బండి వరకే చూసినా, రోజుకు 5 కిలోల బొగ్గుకు 20 కిలోలకు తక్కువ కాకుండా కట్టె కావాలి. ఏడాదికి 300 పనిదినాలుగా లెక్కిస్తే ఒకే ఒక్క ఇస్త్రీ బండి వెనుక 6 టన్నుల కట్టె ఉన్నదన్నమాట. పెట్టెలో కాలిన బొగ్గు వలన రోజుకు సుమారు 14 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది.

వినీషా ఆలోచనలోని బలం ఉష్ణం లెక్క వేసినపుడు మరింత స్పష్టమవుతుంది. ఒక కిలో కట్టెబొగ్గు పూర్తిగా కాలితే వెలువడే ఉష్ణం విద్యుత్ పరిభాషలో సుమారు 8 యూనిట్లకు సమానం. ఆ ప్రకారం 5 కిలోల బొగ్గు 40 యూనిట్ల ఉష్ణాన్ని ఇస్తుంది. సౌర బండిలో అమర్చిన బ్యాటరీ సామర్థ్యం 100 ఆంపియర్-అవర్లు. సాధారణంగా ఈ తరహా బ్యాటరీలు 12 వోల్టులవి కాబట్టి అందులో నిల్వ ఉండే విద్యుత్తు 1.2 యూనిట్లు మాత్రమే. ఒకే వృత్తి, ఒకే రకమైన బట్టలు, కానీ ఇంధనంలో ముప్పై రెట్లకు పైగా వ్యత్యాసం! బొగ్గుల పెట్టెలో పుట్టిన వేడిలో అత్యల్ప భాగమే బట్టకు చేరుతుంది. బట్ట మడత పెట్టేటపుడు, గిరాకీ కొరకు ఎదురు చూచేటపుడు, పక్కవారితో మాట్లాడేటపుడు కూడా నిప్పు రగులుతూనే ఉండాలి. సాయంత్రానికి మిగిలిన బొగ్గు నీళ్లు చల్లించుకుని వీధిలోకి చేరుతుంది. విద్యుత్ పెట్టె అవసరమైనపుడే వేడెక్కి, తగినంత వేడి చేరగానే దానంతట అదే ఆగిపోతుంది.

బండి నిర్మాణం

సౌర ఇస్త్రీ బండి చూపునకు సైకిలు చక్రాలు గల తోపుడు బండి వలెనే ఉంటుంది. పైకప్పుగా సౌర ఫలకాలు అమర్చబడి ఉంటాయి. వాటి కింద ఇస్త్రీ బల్ల, ఆవిరి ఇస్త్రీ పెట్టె, బ్యాటరీ ఉంటాయి. చక్కని ఎండలో 5 గంటలు నిలిపితే 6 గంటల పాటు ఇస్త్రీ చేసుకునేందుకు సరిపడు విద్యుత్తు సమకూరుతుంది. 5 గంటలలో 1.2 యూనిట్లు సమకూరాలంటే పైకప్పు మీద సుమారు 250 వాట్ల సామర్థ్యం గల ఫలకాలు అవసరమవుతాయి. కర్నూలు సౌర పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. ఇటువంటి 40 లక్షల బండ్ల పైకప్పులు కలిస్తే గాని దానికి సమానం కావు. అయితే పార్కులో తయారైన విద్యుత్తు తీగల మీదుగా ప్రయాణించి మీటరు ఉన్న చోటికే చేరుతుంది. ఇస్త్రీ బండికి మీటరు లేదు, తలుపు సంఖ్య లేదు. పైకప్పు మీదనే విద్యుత్తును తయారు చేసుకోవడంలోని ప్రయోజనం ఇదే.

బండిని సైకిలు వలె తొక్కుకుంటూ ఇంటింటికీ వెళ్లి సేవలందించే వీలుండడం వలన రాబడి పెరిగే అవకాశం ఉంది. నాణెం వేసి మాట్లాడుకునే ఫోను, సెల్‌ఫోన్ల చార్జింగు, రీచార్జి సదుపాయాలను కూడా బండికి జతపరచవచ్చునని ప్రతిపాదించారు. నేటి పరిస్థితులలో నాణెం ఫోను అవసరం తీరిపోయినట్లే గాని చార్జింగు సదుపాయానికి గిరాకీ తగ్గలేదు.

అయితే పై లెక్కలో మిగులు స్వల్పమన్న విషయాన్ని విస్మరించరాదు. 1.2 యూనిట్లను 6 గంటలకు పంచితే సగటున 200 వాట్లు వస్తుంది. గృహాలలో వాడే సాధారణ విద్యుత్ ఇస్త్రీ పెట్టెలు 750 నుండి 1,000 వాట్ల వరకు తీసుకుంటాయి. పెట్టె మధ్య మధ్య ఆగుతూ పనిచేస్తుంది కనుక పలుచని చొక్కాలకు ఈ విద్యుత్తు సరిపోవచ్చు. గంజి పెట్టిన నూలు చీరలు, మందపాటి ప్యాంట్లు, దుప్పట్లు అధికంగా వచ్చే రోజున త్వరగా ఖర్చవుతుంది. పైగా సీసపు బ్యాటరీలను ప్రతి రోజూ అడుగంటా వాడితే వాటి ఆయుష్షు వేగంగా తగ్గిపోతుంది. వర్షాకాలంలో, మబ్బు పట్టిన దినాలలో ముందుగా చార్జి చేసి ఉంచిన బ్యాటరీ, మామూలు విద్యుత్తు లేదా జనరేటరు సాయంతో పని సాగించుకునే వీలును నమూనాలోనే కల్పించారు.

మరొక ఇబ్బంది మరింత సున్నితమైనది. ఇస్త్రీ బండి వెతుక్కునేది నీడను. వేపచెట్టు కిందనో, కానుగ చెట్టు కిందనో దశాబ్దాలుగా నిలిచిన బండికి అదే చిరునామా, అక్కడికే గిరాకీ వస్తుంది. సౌర ఫలకాలు వెతుక్కునేది ఎండను. ఉదయం ఎండలో నిలిపి చార్జి చేసుకుని తర్వాత నీడకు చేరడమో, పైకప్పునే నీడగా చేసుకొని బండిని ఆరుబయట నిలపడమో చేయాలి. మే నెల మధ్యాహ్నం రేకు వంటి పైకప్పు కింద నిలబడటం చెట్టు నీడలో నిలబడటం ఒకటి కాదని వృత్తిదారులకు వేరే చెప్పనక్కరలేదు. బండి విజయవంతం కావాలంటే ఇటువంటి సమస్యలకు వీధిలోనే పరిష్కారం కనుగొనవలసి ఉంటుంది.

గుర్తింపు, గ్లాస్గో ప్రసంగం

గుజరాత్‌లోని గాంధీనగర్ కేంద్రంగా పనిచేస్తున్న నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఈ ఆలోచనను మొదట గుర్తించినది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ పరిధిలోని ఈ స్వయంప్రతిపత్తి సంస్థ, విద్యార్థుల మౌలిక ఆలోచనలకు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం పేరిట ఇచ్చే ఇగ్నైట్ పురస్కారాన్ని 2019లో వినీషాకు అందజేసింది. పురస్కారంతో సరిపుచ్చక, ఆలోచనను అభివృద్ధిపరచి పనిచేసే పూర్తిస్థాయి నమూనాను తయారు చేయించడం, పేటెంటు దరఖాస్తుకు సహకరించడం ఈ సంస్థ చేసిన ముఖ్యమైన పని. పాఠశాల ప్రదర్శనలలో బహుమతి పొందిన అట్టముక్కల నమూనాలలో అత్యధికం మరుసటి రోజునే అటకెక్కుతాయన్నది అందరికీ తెలిసినదే.

2020 నవంబరు 18న స్వీడన్‌కు చెందిన బాలల వాతావరణ బహుమతి ఆమెకు లభించింది. కొవిడ్ కారణంగా దృశ్య మాధ్యమం ద్వారా నిర్వహించిన ఆ కార్యక్రమంలో పతకం, ప్రశంసాపత్రంతో పాటు లక్ష స్వీడిష్ క్రోనార్ల నగదును ప్రకటించారు. మరుసటి సంవత్సరం, బ్రిటిష్ రాకుమారుడు విలియం నెలకొల్పిన ఎర్త్‌షాట్ బహుమతి తొలి విడత తుది జాబితాలోని 15 మందిలో ఆమెకు స్థానం దక్కింది. స్వచ్ఛమైన గాలి విభాగంలో ఆమెతో పోటీపడి 2021 అక్టోబరులో బహుమతిని గెలుచుకున్నది కూడా భారతీయ ఆలోచనే కావడం విశేషం. పంట వ్యర్థాలను పొలంలో తగులబెట్టకుండా, ఉపయోగకరమైన ఉత్పత్తులుగా మార్చే యంత్రాన్ని రూపొందించిన ఢిల్లీకి చెందిన విద్యుత్ మోహన్‌కు చెందిన టకాచార్ సంస్థ విజేతగా నిలిచింది.

బహుమతి దక్కకపోయినా, రాకుమారుడు విలియం ఆహ్వానంపై వినీషా గ్లాస్గో సదస్సులో స్వచ్ఛ సాంకేతికతపై జరిగిన సమావేశంలో మాట్లాడారు. భారతదేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల స్థితికి చేరుతుందని, 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యాన్ని సాధిస్తుందని ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ప్రకటించిన మరుసటి రోజది. నాయకులు ఇచ్చి నిలబెట్టుకోని వాగ్దానాల పట్ల తన తరం వారిలో ఆగ్రహం, నిరాశ ఉన్నాయని, ఆ ఆగ్రహానికి కారణం కూడా ఉన్నదని ఆమె నేతల ఎదుటనే అన్నారు. తనకు మాత్రం కోపానికి సమయం లేదని, పని చేయాలని ఉన్నదని పేర్కొన్నారు. పాత చర్చల నుండి బయటపడి కొత్త ఆలోచనలపై సమయాన్ని, ధనాన్ని వెచ్చించవలసిందిగా కోరారు. ఈ ప్రసంగం ప్రపంచవ్యాప్తంగా పత్రికలలో, ప్రసార మాధ్యమాలలో ప్రముఖంగా వెలువడింది.

అదే యుగంలో వీధులలో నిరసన పలకల ద్వారా ప్రభుత్వాలను ప్రశ్నించిన బాల ఉద్యమకారులు అనేక దేశాలలో ఉన్నారు. వారి పాత్ర తక్కువదేమీ కాదు. వినీషా మార్గం వేరు. ఆమె ప్రశ్నతో పాటు ఒక పనిముట్టును కూడా వేదిక మీదకు తెచ్చారు. పనిముట్టును మెచ్చుకోవడం సులభం. దానిని కొని వాడవలసిన వ్యక్తి ఎవరు, ఆయన చేతిలో ఎంత డబ్బు ఉన్నదన్నదే అసలు ప్రశ్న.

ఖర్చు ఎవరు భరించాలి

బొగ్గు ఏ రోజుకారోజు కొనుక్కునే వస్తువు. సాయంత్రం వచ్చిన రాబడిలో నుండి రేపటి బొగ్గుకు తీసి ఉంచితే సరిపోతుంది. సౌర ఫలకాలు, బ్యాటరీ, ఇన్వర్టరు, బండి కలిపి పదుల వేల రూపాయలను ఒకేసారి వెచ్చించవలసి ఉంటుంది. ఆ తరువాత ఇంధన వ్యయం ఉండదన్న మాట నిజమే గాని, ఆ మొదటి మొత్తం వద్దనే వృత్తిదారుడు ఆగిపోతాడు.

ఉదాహరణకు మొత్తం వ్యయం 50,000 రూపాయలనుకుని, దానిని 5 శాతం వడ్డీపై 18 నెలల రుణంగా తీసుకున్నట్లయితే నెలసరి వాయిదా 2,900 రూపాయల లోపు ఉంటుంది. రోజుకు 5 కిలోల చొప్పున నెలకు 25 రోజులు బొగ్గు వాడే వ్యక్తికి, కిలో 30 రూపాయలు పడితే నెలకు 3,750 రూపాయలు మిగులుతాయి. వాయిదా కట్టగా ఇంకా 850 రూపాయలు చేతిలో ఉంటాయి. అదే కిలో 20 రూపాయలకే దొరికే ఊరిలో మిగిలేది 2,500 మాత్రమే, వాయిదాకు చాలదు. వడ్డీ వ్యాపారి వద్ద నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినట్లయితే మొదటి నెల వడ్డీయే 1,500 రూపాయలు. బండి ఎంత మంచిదైనా, దానిని కొనేందుకు తెచ్చిన అప్పు స్వభావాన్ని బట్టే ఆ కుటుంబానికి లాభమో నష్టమో తేలుతుంది.

బొగ్గుకు ప్రత్యామ్నాయం సౌర బండి ఒక్కటే కాదు. వంటగ్యాసుతో వేడెక్కే ఇస్త్రీ పెట్టెలు వాడుకలోకి వచ్చాయి. దుకాణం, మీటరు ఉన్నవారికి మామూలు విద్యుత్తే మేలైన మార్గం. బొగ్గు ఆధారిత కేంద్రాల నుండి వచ్చిన విద్యుత్తు అయినప్పటికీ 1.2 యూనిట్ల వలన వెలువడే బొగ్గుపులుసు వాయువు ఒక కిలోకు కాస్త మించి మాత్రమే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ 1 నుండి లాండ్రీ దుకాణాలకు, దోభీ ఘాట్లకు, క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ పథకాన్ని అమలులోకి తెచ్చింది. విద్యుత్ కనెక్షను లేని వీధి బండి మాత్రం ఇటువంటి సదుపాయానికి వెలుపలే ఉండిపోతుంది. వినీషా నమూనా ఉద్దేశించినది ప్రధానంగా అటువంటి వారిని.

తక్కువ వడ్డీ రుణానికి సంబంధించి రెండు కేంద్ర పథకాలు ఇస్త్రీ వృత్తిదారులకు వర్తిస్తాయి. 2020 జూన్ 1న ప్రారంభమైన పి.ఎం. స్వనిధి పథకం వీధి వర్తకులతో పాటు వీధులలో లాండ్రీ సేవలు అందించేవారికి కూడా ఉద్దేశించబడినది. తొలుత 10,000, 20,000, 50,000 రూపాయలుగా ఉన్న మూడు విడతల రుణాన్ని 2025 ఆగస్టులో 15,000, 25,000, 50,000 రూపాయలుగా సవరించి, పథకాన్ని 2030 మార్చి 31 వరకు పొడిగించారు. మొదటి విడతతో బండి సమకూరదు. సక్రమంగా చెల్లించి మూడవ విడతకు చేరినవారికే ఇది ఉపయోగపడుతుంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో చేర్చిన 18 వృత్తులలో రజక వృత్తి ఒకటి. ఇందులో నైపుణ్య శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్ల నిమిత్తం 15,000 రూపాయల వోచరు, 5 శాతం వడ్డీపై పూచీకత్తు లేకుండా మొదట లక్ష, తదుపరి 2 లక్షల రూపాయల రుణం లభిస్తాయి. తొలి రుణాన్ని 18 నెలలలో, రెండవ రుణాన్ని 30 నెలలలో తిరిగి చెల్లించాలి.

విశ్వకర్మ పథకానికి 18 సంవత్సరాలు నిండినవారు, కుటుంబానికి ఒక్కరు చొప్పున మాత్రమే అర్హులు. ప్రభుత్వ ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు అవకాశం లేదు. స్వనిధి రుణం బకాయి ఉన్నవారు దానిని పూర్తిగా చెల్లించిన తరువాతనే విశ్వకర్మకు దరఖాస్తు చేయవలసి ఉంటుందన్న నిబంధనను వృత్తిదారులు ముందుగా గమనించాలి. ఆధార్ బయోమెట్రిక్ ధ్రువీకరణతో కామన్ సర్వీస్ సెంటర్లలో నమోదు జరుగుతుంది. దరఖాస్తులను గ్రామాలలో పంచాయతీ, పట్టణాలలో పురపాలక సంఘం స్థాయిలో పరిశీలించి, జిల్లా అమలు కమిటీకి, అక్కడి నుండి స్క్రీనింగ్ కమిటీకి పంపుతారు.